లినక్స్‌లో స్క్రీన్ లాక్, స్క్రీన్‌సేవర్ పెట్టుకోవడం ఎలా?

"కాసేపు వదిలేస్తే స్క్రీన్ నల్లబడుతోంది. కానీ మౌస్ కదిపితే పాస్‌వర్డ్ అడగకుండానే తెరుచుకుంటోంది. లాక్ పని చేయట్లేదా?" లినక్స్‌కి కొత్తగా మారినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. దాని వెనకే ఇంకోటి వస్తుంది: "బొమ్మలు కదిలే స్క్రీన్‌సేవర్ ఉబుంటులో ఎక్కడుంది? ఎంత వెతికినా దొరకట్లేదు."

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. స్క్రీన్ ఆరిపోవడం, స్క్రీన్‌సేవర్ రావడం, లాక్ పడటం అనేవి మూడు వేర్వేరు పనులు. వీటికి సెట్టింగులు వేరు, టైమర్లు కూడా వేరు. స్క్రీన్ నల్లబడిందంటే లాక్ పడినట్టు కాదు. రెండో ప్రశ్నకు జవాబు: ఉబుంటు వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో 2011లో వచ్చిన మూడో వెర్షన్ నుంచీ స్క్రీన్‌సేవర్ బొమ్మలు లేవు. కావాలంటే దారి ఉంది, కానీ అది అన్ని డెస్క్‌టాప్‌లకీ పనికిరాదు. ఆ వివరం కింద చెప్తాను.

మొదలుపెట్టే ముందు

ఈ మూడూ చూసుకోండి.

మొదటిది మీ పాస్‌వర్డ్. చాలా ఇళ్లలో, షాపుల్లో కంప్యూటర్‌కి లినక్స్ వేసేది వేరేవాళ్లు. వాళ్లు ఆటోమేటిక్ లాగిన్ పెట్టి వెళ్లిపోతారు. నెలల తరబడి పాస్‌వర్డ్ టైప్ చేసే అవసరమే రాదు. లాక్ పడ్డాక అడిగితే అప్పుడు టెన్షన్ మొదలవుతుంది. అందుకని ముందే టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచి, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో "sudo ls" అని కొట్టి ఎంటర్ నొక్కండి. అది పాస్‌వర్డ్ అడుగుతుంది (కొడుతుంటే చుక్కలు కనిపించకపోవచ్చు, అది మామూలే), మీరు కొట్టింది ఒప్పుకుందంటే ముందుకు వెళ్లొచ్చు. ఒప్పుకోకపోతే లాక్ జోలికి వెళ్లకండి, ముందు పాస్‌వర్డ్ సంగతి తేల్చుకోండి.

రెండోది, మీది ఏ డెస్క్‌టాప్ అన్నది. డెస్క్‌టాప్ అంటే ఇక్కడ మెనూలు, కిటికీలు, సెట్టింగులు చూపించే ప్రోగ్రాముల సెట్. ఉబుంటు, ఫెడోరా మామూలుగా గ్నోమ్‌తో వస్తాయి. లినక్స్ మింట్‌లో ఎక్కువమంది వాడేది సినమన్. కుబుంటు అయితే కేడీఈ ప్లాస్మా, జుబుంటు అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ.

మూడోది, మీ సెషన్ (లాగిన్ అయ్యాక నడిచే డెస్క్‌టాప్) వేలాండా, ఎక్స్11 ఆ అన్నది. స్క్రీన్ మీద కిటికీలను చూపించే వ్యవస్థలు ఈ రెండూ. గ్నోమ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్, సిస్టమ్ డిటెయిల్స్‌కి వెళ్తే "విండోయింగ్ సిస్టమ్" అన్న వరుసలో ఉంటుంది. ప్లాస్మాలో "అబౌట్ దిస్ సిస్టమ్"లో "గ్రాఫిక్స్ ప్లాట్‌ఫామ్" అని ఉంటుంది. మింట్ సినమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ మీరు ప్రత్యేకంగా మార్చకపోతే ఎక్స్11 మీదే నడుస్తాయి. లాక్‌కి ఈ తేడా పెద్దగా అడ్డం రాదు గానీ, బొమ్మల స్క్రీన్‌సేవర్ పెట్టాలంటే అంతా దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

మెనూల పేర్లు ఇంగ్లిష్ మెనూల్లో ఎలా ఉంటాయో అలాగే తెలుగు లిపిలో రాస్తున్నాను. వెర్షన్‌ని బట్టి ఒకటి రెండు మాటలు అటూ ఇటూ ఉండొచ్చు.

లాక్ పెట్టడం: మీ డెస్క్‌టాప్ ఏదో అది మాత్రం చదవండి

*ఉబుంటు, ఫెడోరా (గ్నోమ్)*

1. సెట్టింగ్స్‌లో "ప్రైవసీ అండ్ సెక్యూరిటీ" తెరిచి, "స్క్రీన్ లాక్"లోకి వెళ్లండి.
2. "బ్లాంక్ స్క్రీన్ డిలే" దగ్గర ఎంతసేపటికి స్క్రీన్ ఆరిపోవాలో పెట్టండి. ఇంట్లో అయితే 5 నిమిషాలు చాలు. నలుగురు తిరిగే చోట 2 నిమిషాలు పెట్టండి.
3. "ఆటోమేటిక్ స్క్రీన్ లాక్" ఆన్ చేయండి. పైన చెప్పిన సమస్య ఇక్కడే ఉంటుంది. ఇది ఆఫ్‌లో ఉంటే స్క్రీన్ ఆరిపోతుంది, లాక్ పడదు.
4. "ఆటోమేటిక్ స్క్రీన్ లాక్ డిలే"ని "స్క్రీన్ టర్న్స్ ఆఫ్" మీదే ఉంచండి. ఇక్కడ 30 నిమిషాలు ఉందంటే, స్క్రీన్ ఆరిపోయిన తర్వాత ఇంకో అరగంటకి గానీ లాక్ పడదని అర్థం. రెండు సమయాలూ కలుస్తాయన్నది చాలామంది గమనించరు.
5. ఉబుంటులో "లాక్ స్క్రీన్ ఆన్ సస్పెండ్" కూడా ఉంటుంది. సస్పెండ్ అంటే కంప్యూటర్ నిద్రలోకి వెళ్లడం. ల్యాప్‌టాప్ అయితే తప్పనిసరిగా ఆన్ చేయండి.
6. లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్లు చూపించే స్విచ్ ఆఫ్ చేయండి. ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపే జీఎస్‌కనెక్ట్ వాడుతుంటే ఇది మరీ ముఖ్యం. బ్యాంకు ఓటీపీ ఫోన్‌కి వచ్చిన మరుక్షణం కంప్యూటర్ మీద కూడా నోటిఫికేషన్‌గా పడుతుంది. లాక్ స్క్రీన్ మీద సందేశం వివరాలు కూడా చూపించేలా పెట్టి ఉంటే, కంప్యూటర్ లాక్‌లో ఉన్నా ఎదురుగా నిల్చున్నవాళ్లు దాన్ని చదివేయగలరు.

సీట్లోంచి లేచేటప్పుడు వెంటనే లాక్ చేయాలంటే విండోస్ గుర్తున్న కీతో పాటు ఎల్ నొక్కండి. లినక్స్‌లో ఆ కీని సూపర్ కీ అంటారు.

*లినక్స్ మింట్ (సినమన్)*

1. మెనూలో "స్క్రీన్‌సేవర్" అని వెతికి తెరవండి. పేరు అదైనా, ఇక్కడ ఉండేది ప్రధానంగా లాక్ స్క్రీనే.
2. "డిలే బిఫోర్ స్టార్టింగ్ ద స్క్రీన్‌సేవర్" దగ్గర సమయం పెట్టండి.
3. "లాక్ ద కంప్యూటర్ వెన్ పుట్ టు స్లీప్", "లాక్ ద కంప్యూటర్ ఆఫ్టర్ ద స్క్రీన్‌సేవర్ స్టార్ట్స్" రెండూ ఆన్ చేయండి. వాటి కిందే లాక్ పడటానికి ఎంత ఆలస్యం ఉండాలో అడుగుతుంది. అది తక్కువగా పెట్టండి.
4. "కస్టమైజ్" ట్యాబ్‌లో లాక్ స్క్రీన్ మీద కనిపించే మాట రాసుకోవచ్చు. "భోజనానికి వెళ్లాను, రెండున్నరకి వస్తాను" అని తెలుగులోనే పెట్టండి. కౌంటర్ మీద కంప్యూటర్ ఉండే షాపువాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే తెలుగు ఫాంట్ లేదని అర్థం. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోంచి నోటో ఫాంట్లు గానీ లోహిత్ తెలుగు గానీ వేసుకుంటే సరిపోతుంది.
5. స్క్రీన్ ఆరిపోయే సమయం ఇక్కడ ఉండదు. దానికోసం "పవర్ మేనేజ్‌మెంట్"లోకి వెళ్లాలి. అక్కడ పెట్టే సమయం స్క్రీన్‌సేవర్ సమయం కంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే గడియారం, మీరు రాసిన మాట ఎవరికీ కనిపించకముందే స్క్రీన్ ఆరిపోతుంది.

వెంటనే లాక్ చేయడానికి కంట్రోల్, ఆల్ట్, ఎల్.

*కేడీఈ ప్లాస్మా*

సిస్టమ్ సెట్టింగ్స్‌లో "స్క్రీన్ లాకింగ్" తెరిచి, ఆటోమేటిక్‌గా ఎన్ని నిమిషాలకు లాక్ పడాలో పెట్టండి, నిద్రలోంచి లేచాక లాక్ ఉండాలన్న టిక్ కూడా పెట్టండి. పాస్‌వర్డ్ అడిగే ముందు కొంత వెసులుబాటు ఇచ్చే సెట్టింగ్ ఇక్కడ ఒకటి ఉంది, మామూలుగా అది 5 సెకన్లు. అంటే లాక్ స్క్రీన్ తనంతట తాను వచ్చిన మరుక్షణం మౌస్ కదిపితే పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకుంటుంది. దీన్ని చూసి లాక్ చెడిపోయిందనుకోకండి. వద్దనుకుంటే ఆ వెసులుబాటు తీసేయండి. సూపర్, ఎల్ నొక్కి మీరే లాక్ చేస్తే ఈ వెసులుబాటు ఉండదు.

"అపియరెన్స్"లోకి వెళ్తే లాక్ స్క్రీన్ వాల్‌పేపర్‌కి "స్లైడ్‌షో" ఎంచుకోవచ్చు. ఫొటోల ఫోల్డర్ చూపిస్తే చాలు.

*ఎక్స్‌ఎఫ్‌సీఈ*

1. సెట్టింగ్స్‌లో "స్క్రీన్‌సేవర్" తెరవండి. ఇందులో రెండు ట్యాబులు ఉంటాయి: ఒకటి స్క్రీన్‌సేవర్‌కి, ఇంకోటి లాక్ స్క్రీన్‌కి. మొదటిది సెట్ చేసి రెండోది మర్చిపోవడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు.
2. మొదటి ట్యాబులో థీమ్ ఎంచుకోండి. "స్లైడ్‌షో" ఎంచుకుంటే మీ పిక్చర్స్ ఫోల్డర్‌లోని ఫొటోలు ఒక్కొక్కటే వస్తాయి. ఆఫీసులో అయితే ఆ ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో ముందు ఒకసారి చూసుకోండి. వాట్సాప్‌లోంచి దించిన ఆధార్ కార్డు ఫొటో, పాస్‌బుక్ పేజీ కూడా అందులోనే ఉండొచ్చు.
3. రెండో ట్యాబులో "ఎనేబుల్ లాక్ స్క్రీన్", "లాక్ స్క్రీన్ విత్ స్క్రీన్‌సేవర్" ఆన్ చేయండి.
4. తర్వాత "పవర్ మేనేజర్"లోకి వెళ్లి, సిస్టమ్ నిద్రలోకి వెళ్లేటప్పుడు లాక్ పడాలన్న టిక్ పెట్టండి.

బొమ్మల స్క్రీన్‌సేవర్ కావాలంటే

దీనికి లినక్స్‌లో అందరూ వాడేది ఎక్స్‌స్క్రీన్‌సేవర్. జేమీ జవిన్‌స్కీ 1992లో విడుదల చేసి, ఇప్పటికీ తానే చూసుకుంటున్న ప్రోగ్రాం. రెండు వందలకు పైగా బొమ్మలున్నాయి: నీళ్లలో ఈదే డాల్ఫిన్లు, గోడంతా అల్లుకునే పైపులు, పచ్చ అక్షరాల వాన. పిల్లలున్న ఇంట్లో వీటికి మంచి గిరాకీ.

పెట్టే ముందు రెండు విషయాలు తెలుసుకోండి. స్క్రీన్‌సేవర్ వల్ల కరెంటు ఆదా కాదు. బొమ్మ కదులుతున్నంతసేపూ మానిటర్ బ్యాక్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది, గ్రాఫిక్స్ చిప్ పని చేస్తూనే ఉంటుంది. ఒకే బొమ్మ గంటలకొద్దీ ఉంటే పాత లావు మానిటర్ల తెర మీద మచ్చ పడేది, స్క్రీన్‌సేవర్ పుట్టింది అందుకు. మామూలు ఎల్‌సీడీకి ఆ బాధ లేదు. ఇన్వర్టర్ మీద నడిపే సమయంలో, బ్యాటరీ మీద ఉన్న ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ ఆర్పేయడమే మంచిది.

రెండోది, ఎక్స్‌స్క్రీన్‌సేవర్ లాక్ వేలాండ్‌లో పని చేయదు. ఉబుంటు 24.04లో అయితే లాగిన్ దగ్గర పళ్లచక్రం గుర్తు నొక్కి "ఉబుంటు ఆన్ ఎక్స్‌ఆర్గ్" ఎంచుకునే వీలుంది, అంటే ఎక్స్11 సెషనే. 2025 అక్టోబరులో వచ్చిన 25.10 నుంచి అది తీసేశారు. ఎక్స్‌ఆర్గ్‌లోకి మారినా గ్నోమ్‌కీ దీనికీ పొసగదు, ఒకదాని లాక్ మీద ఇంకోటి వస్తుంది. నా సలహా: గ్నోమ్, ప్లాస్మా, సినమన్ వాడేవాళ్లు వాటితో వచ్చిన లాక్‌తోనే ఉండండి. బొమ్మలు కావాల్సిందే అంటే ఎక్స్‌ఎఫ్‌సీఈలో పెట్టండి. ఉబుంటులోనే తేలికపాటి రకమైన లుబుంటులో అయితే ఎక్స్‌స్క్రీన్‌సేవర్ దానితో పాటే వస్తుంది.

ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఇలా చేయండి:

1. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఎక్స్‌స్క్రీన్‌సేవర్ అని ఇంగ్లిష్‌లో వెతికి ఇన్‌స్టాల్ చేయండి. అదే పేరుతో మొదలై చివర "డేటా-ఎక్స్‌ట్రా", "జీఎల్-ఎక్స్‌ట్రా" అని ఉండే ప్యాకేజీలు కూడా వేయండి. ఇవి లేకపోతే సగం బొమ్మలు రావు.
2. సెట్టింగ్స్‌లో "సెషన్ అండ్ స్టార్టప్", అందులో "అప్లికేషన్ ఆటోస్టార్ట్" తెరవండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ స్క్రీన్‌సేవర్ టిక్ తీసేయండి. ఈ మెట్టు దాటేస్తే రెండు లాకులు పోటీ పడతాయి. ఒకటి తెరిస్తే వెనక ఇంకోటి మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది.
3. అదే జాబితాలో ఎక్స్‌స్క్రీన్‌సేవర్ లేకపోతే కొత్తగా చేర్చండి. కమాండ్ దగ్గర ఆ ప్రోగ్రాం పేరే, చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఇవ్వండి.
4. లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.
5. మెనూలోంచి ఎక్స్‌స్క్రీన్‌సేవర్ సెట్టింగ్స్ తెరవండి. "మోడ్" దగ్గర "ఓన్లీ వన్ స్క్రీన్ సేవర్" అంటే ఎప్పుడూ ఒకే బొమ్మ, "ర్యాండమ్ స్క్రీన్ సేవర్" అంటే టిక్ ఉన్నవాటిలోంచి మార్చి మార్చి. జాబితాలో పేరు మీద నొక్కితే పక్కనే చిన్నగా కనిపిస్తుంది, "ప్రివ్యూ" నొక్కితే స్క్రీన్ నిండా వస్తుంది.
6. "బ్లాంక్ ఆఫ్టర్" అంటే ఎంతసేపటికి మొదలవ్వాలి. "సైకిల్ ఆఫ్టర్" అంటే ఎంతసేపటికి బొమ్మ మారాలి.
7. "లాక్ స్క్రీన్ ఆఫ్టర్" పక్కన టిక్ పెట్టి, 0 నిమిషాలు ఇవ్వండి. ఈ టిక్ మామూలుగా ఉండదు, మీరే పెట్టాలి. పెట్టకపోతే బొమ్మలు వస్తాయి, తాళం ఉండదు.
8. "అడ్వాన్స్‌డ్" ట్యాబులో "గ్రాబ్ డెస్క్‌టాప్ ఇమేజెస్" టిక్ తీసేయండి. కొన్ని బొమ్మలు మీ డెస్క్‌టాప్ ఫొటో తీసి, దాన్నే కరిగించి, వంకర్లు తిప్పి చూపిస్తాయి. అప్పుడు మీరు తెరిచి ఉంచిన బ్యాంకు స్టేట్‌మెంట్ లాక్ పడ్డాక కూడా స్క్రీన్ మీద తేలుతుంది. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

జాబితాలో రెండు పేర్లకి టిక్ లేకుండా చూసుకోండి. "బీఎస్ఓడీ" అన్నది రకరకాల కంప్యూటర్లు క్రాష్ అయినప్పుడు వచ్చే స్క్రీన్లను అచ్చుగుద్దినట్టు చూపిస్తుంది. తెలియనివాళ్లు కంప్యూటర్ పోయిందనుకుని పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే సేవ్ చేయని పనంతా పోతుంది. "వెబ్‌కొలాజ్" ఇంటర్నెట్‌లోంచి ఏవో ఒక ఫొటోలు తెచ్చి అతికిస్తుంది. అందులో ఏం వస్తుందో ఎవరి చేతుల్లోనూ లేదు, పిల్లలున్న చోట అసలే వద్దు.

కొన్నాళ్లకి "ఈ వెర్షన్ చాలా పాతది" అన్న హెచ్చరిక రావచ్చు. అది వైరస్ కాదు. మీ డిస్ట్రో (ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకం) పాత వెర్షన్‌నే ఇస్తుంటే ప్రోగ్రామే అలా గుర్తు చేస్తుంది. కొత్త వెర్షన్ దొరికితే వేసుకోండి.

పని చేస్తోందో లేదో చూసుకోవడం

సెట్టింగులు పెట్టేసి లేచిపోకండి. లాక్ నిజంగా పడుతోందని కళ్లారా చూసేదాకా పడుతోందని అనుకోవద్దు. టైమర్లన్నీ తాత్కాలికంగా 1 నిమిషానికి తగ్గించి, చేస్తున్న పని సేవ్ చేసుకుని, ఈ పరీక్షలు చేయండి.

1. షార్ట్‌కట్‌తో లాక్ చేయండి. కావాలని తప్పు పాస్‌వర్డ్ కొట్టండి. తెరుచుకోకూడదు. తర్వాత సరైనది కొట్టండి.
2. మౌస్, కీబోర్డ్ ముట్టుకోకుండా రెండు నిమిషాలు ఆగండి. స్క్రీన్ ఆరిపోయాక మౌస్ కదిపితే పాస్‌వర్డ్ అడగాలి.
3. కంప్యూటర్‌ని సస్పెండ్ చేసి లేపండి, ల్యాప్‌టాప్ అయితే మూత మూసి తెరవండి. ఎక్స్11లో లాక్ స్క్రీన్ వచ్చేముందు డెస్క్‌టాప్ ఒక్క క్షణం తళుక్కుమనడం ఉంటుంది. అలా కనిపిస్తుంటే, ముందు షార్ట్‌కట్‌తో లాక్ చేసి తర్వాత మూత మూయడం అలవాటు చేసుకోండి.
4. లాక్‌లో ఉండగా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కండి. నల్లటి స్క్రీన్ మీద లాగిన్ అడగాలి. ఎప్పుడో అక్కడ లాగిన్ అయి వదిలేసి ఉంటే, మీ లాక్‌తో పని లేకుండా ఎవరైనా అక్కడినుంచి మీ ఫైళ్లలోకి వెళ్లొచ్చు. అలా ఉంటే "ఎగ్జిట్" కొట్టి బయటికి రండి. తిరిగి రావడానికి కంట్రోల్, ఆల్ట్‌తో ఎఫ్1, ఎఫ్2, ఎఫ్7లో ఒకటి పని చేస్తుంది.
5. రెండో మానిటర్ ఉంటే దానిమీద కూడా ఏమీ కనిపించకూడదు.
6. రీస్టార్ట్ చేసి రెండో పరీక్ష మళ్లీ చేయండి. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ పెట్టినవాళ్లు దీన్ని వదిలేయొద్దు. ఆటోస్టార్ట్ సరిగ్గా లేకపోతే ఈ పరీక్షలోనే దొరికిపోతుంది.

అన్నీ సరిగ్గా ఉంటే టైమర్లు మళ్లీ మీకు కావలసినంతకి మార్చేయండి.

ఎక్కువగా వచ్చే ఇబ్బందులు

*పాస్‌వర్డ్ సరైనదే, కానీ తప్పంటోంది.* తెలుగులో టైప్ చేసేవాళ్లకి ఇది తరచూ ఎదురవుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌లో ఉత్తరం రాస్తూ అలాగే లాక్ చేసి వెళ్తే, తిరిగొచ్చాక కూడా కీబోర్డ్ తెలుగులోనే ఉండొచ్చు. పెట్టెలో కనిపించేవి చుక్కలే కాబట్టి తేడా తెలియదు. నాలుగుసార్లు తప్పాక పాస్‌వర్డ్ ఎవరో మార్చేశారన్న భయం పట్టుకుంటుంది. గ్నోమ్‌లో లాక్ స్క్రీన్ పైన కుడి మూల కీబోర్డ్ భాష గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కి ఇంగ్లిష్‌కి మార్చండి. సూపర్, స్పేస్ నొక్కినా మారుతుంది. సినమన్‌లో ఆ గుర్తు పాస్‌వర్డ్ పెట్టె దగ్గరే ఉంటుంది. క్యాప్స్ లాక్, నమ్ లాక్ కూడా చూసుకోండి.

*సినిమా చూస్తుంటే, మీటింగులో ఉంటే లాక్ పడుతోంది.* వీఎల్‌సీ, ఫైర్‌ఫాక్స్ లాంటివి వీడియో నడుస్తున్నంతసేపూ లాక్‌ని ఆపమని సిస్టమ్‌కి చెప్తాయి. చెప్పని ప్రోగ్రాములూ ఉన్నాయి. వాటికోసం లాక్‌ని మొత్తం ఆఫ్ చేయకండి, మళ్లీ ఆన్ చేయడం ఎవరికీ గుర్తుండదు. గ్నోమ్‌లో "కెఫీన్" ఎక్స్‌టెన్షన్, సినమన్‌లో "ఇన్‌హిబిట్" యాప్లెట్ (రెండూ చిన్న అదనపు ప్రోగ్రాములే) పెట్టుకుని అవసరమైనంతసేపు ఆన్‌లో ఉంచండి. ప్లాస్మాలో ఆ స్విచ్ బ్యాటరీ గుర్తు కిందే ఉంటుంది.

*లాక్ పడితే డౌన్‌లోడ్ ఆగిపోతోంది.* లాక్ వల్ల ఏదీ ఆగదు. ఆగుతోందంటే కంప్యూటర్ సస్పెండ్ అవుతోంది. పవర్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ సస్పెండ్ ఆఫ్ చేసి, లాక్‌ని అలాగే ఉంచండి.

*లాక్ తనంతట తానే తెరుచుకుంది.* ఎక్స్11లో లాక్ స్క్రీన్ కూడా మిగతావాటిలా ఒక ప్రోగ్రామే. అది కూలిపోతే వెనకున్న డెస్క్‌టాప్ బయటపడొచ్చు. 2021 జనవరిలో లినక్స్ మింట్‌లో సరిగ్గా ఇదే బయటపడింది. ఇద్దరు పిల్లలు లాక్ స్క్రీన్ మీద మామూలు కీబోర్డునీ, స్క్రీన్ మీది కీబోర్డునీ ఎడాపెడా నొక్కితే లాక్ కూలిపోయి డెస్క్‌టాప్ తెరుచుకుంది. వాళ్ల నాన్న ఆ విషయం రిపోర్ట్ చేశారు, మింట్ అప్‌డేట్ ఇచ్చింది. అప్‌డేట్లు వేయకుండా నెలలు గడిపేవాళ్లకి ఇలాంటి లోపాలు అలాగే ఉండిపోతాయి. లాక్ మీద నమ్మకం పెట్టుకోవాలంటే వారానికోసారైనా అప్‌డేట్లు వేయాలి.

*లాక్ స్క్రీన్ బిగుసుకుపోయింది, ఏం నొక్కినా కదలట్లేదు.* పవర్ బటన్ జోలికి వెళ్లకండి, తెరిచి ఉన్న పని పోతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లండి. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు, అది మామూలే. మింట్‌లో అయితే "సినమన్-అన్‌లాక్-డెస్క్‌టాప్" అని ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో, మధ్యలో రెండు హైఫన్లతో కొట్టి ఎంటర్ నొక్కండి. లాక్ ప్రోగ్రాం కూలిపోయినప్పుడు మింట్ ఈ సూచనలనే స్క్రీన్ మీద చూపిస్తుంది, ఏ ఎఫ్ కీ నొక్కాలో కూడా చెప్తుంది. గ్నోమ్, ప్లాస్మాల్లో "సుడో" తర్వాత ఖాళీ, "లాగిన్‌సీటీఎల్" ఒకే మాటగా, మళ్లీ ఖాళీ, "అన్‌లాక్-సెషన్స్" అని కొట్టండి. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే. ఆ తర్వాత "ఎగ్జిట్" కొట్టి, కంట్రోల్, ఆల్ట్‌తో ఎఫ్1, ఎఫ్2, ఎఫ్7లో మీ డెస్క్‌టాప్ ఉన్నదానికి తిరిగి రండి. ముందు పనంతా సేవ్ చేసుకోండి, తర్వాత అప్‌డేట్లు వేసి రీస్టార్ట్ చేసి, పైన చెప్పిన మొదటి మూడు పరీక్షలూ మళ్లీ చేయండి.